కారు తలుపు మీద గీత

ఎలియేజర్, కారు తాళాలు ఫ్రిజ్ మీదున్నాయి. బ్రేకులు ఇవాళే మార్పించు. చర్చి పక్క షెడ్డుకే తీసుకెళ్లు, కొండ దిగక్కర్లేదు. మీ తమ్ముడు చాగో దగ్గరికి మాత్రం వద్దు. వాడు పాత ప్యాడ్లు తగిలిస్తే లీజు కంపెనీవాళ్లు ఒప్పుకోరు. పాపని పక్కింటి నీల్డా కారులో బడికి తీసుకెళ్తున్నా. అన్నం, బీన్స్ పొయ్యి మీదున్నాయి.

“వచ్చే నెల తిరిగిచ్చేసే బండికి కొత్త బ్రేకులెందుకే?” అన్నావు. తలుపు మీద గీత మాత్రం వాళ్ల కంట్లో పడుతుందని ఆదివారమంతా కూర్చుని రుద్దావు!

మిగ్దాలియా

నీకు చెప్పలేదు. నిన్న కాయే ఊళ్లోకి కొండ దిగే మలుపులో బ్రేకు పట్టలేదు, చివరి నిమిషంలో పట్టింది. పాప ఆటనుకుని, “ఇంకోసారి చెయ్యమ్మా” అంది.