మీరే నా పుట్టిల్లు

ఫిబ్రవరి 2

ఈరోజు లైవ్‌లో నోరు జారాను. రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూ ఎప్పటిలాగే ఏదో మాట్లాడుతున్నాను. చూసేవాళ్ళలో ఎవరో అడిగారు, అక్కా మీ పుట్టింటివాళ్ళు ఎప్పుడూ కనబడరే అని. అప్పటికే కడుపు మండిపోతోంది. నాన్న పోయినప్పటి నుంచి తమ్ముడు ఒక్కసారి కూడా పిలిచి ఒడిబియ్యం పోయలేదు. వాడుండే హొళగుంద ఏమంత దూరమని... ఆ మంటలో అనేశాను. "నాకు పుట్టిల్లు లేదన్నా. తోడబుట్నోళ్ళు గూడా లేరు. ఒడిలో ఇన్ని బియ్యం పోసేదానికి ఎవురుండారు నాకి? మీరే నా పుట్టిల్లు."

ఫోన్ తెర నిండా గులాబీ బొమ్మలు. ఒక్కోటీ వాళ్ళు డబ్బు పెట్టి కొని పంపేదే. ఏడ్చాను కూడా. ఏడుపు నిజమే. మాటే అబద్ధం.

ఫిబ్రవరి 3

మా ఆయన పొద్దుటి నుంచి మహా హుషారు. "ఆ మాట బాగా తగిలింది మే. దినామూ సెప్పు."

ఫిబ్రవరి 5

చెప్పాను. నిన్నా చెప్పాను. మొదటిరోజు ఏడుపు మళ్ళీ రాలేదు — గొంతు వణికించాను. సిగ్గేసింది. ఆపలేదు.

మగ్గం మీద పడుగు అయిపోయింది, కొత్త నూలు రాలేదు. అయినా లైవ్ నడిచినంతసేపూ ఈయన మగ్గం గుంతలో కూర్చుని ఉత్తదే ఆడిస్తాడు. చప్పుడు వినబడాలట! ఇది నేతా నాటకమా అంటే పెద్ద మేనేజరులా నవ్వుతాడు. "మనమేమన్నా అడుక్కుంటాండామా? వాళ్ళిష్టంతో ఇస్తాండారు."

ఇష్టంతోనే. ఆ ఇష్టం పుట్టేలా మాట్లాడుతున్నది నేను కదా.

ఫిబ్రవరి 7

లైవ్ చూసేవాళ్ళలో ఒకాయన, ఆదోని అన్న. ఫోన్‌లో పేరు కూడా అలాగే పెట్టుకున్నాడు. రోజూ మొదటి గులాబీ ఆయనదే. పత్తి మిల్లులో బేళ్ళు మోసే పనట. ఈరోజు మా ఆయన పక్క నుంచి సైగ చేశాడు, సింహం అడుగు అని. బాగా ఖరీదైన బొమ్మ అది. అడిగాను. "అన్నా, సెల్లెలికి ఒక సింహం పంపకూడదా?"

కాసేపు ఏమీ రాలేదు. హమ్మయ్య అనుకున్నాను... అంతలో సింహం గర్జించింది. కింద ఆయన రాసింది: "అన్న ఉండాడు సెల్లెమ్మా నీకి."

మా ఎమ్మిగనూరులో ఆటో అతన్నీ అన్నా అంటాం, టమాటాల బండి అతన్నీ అన్నా అంటాం. అన్నంత మాత్రాన ఎవరూ చెల్లెలు అనుకోరు. ఆదోని అన్న ఒక్కడే అనుకున్నాడు.

ఫిబ్రవరి 9

తమ్ముడు మల్లి ఫోన్. లైవ్ ఎవరో చూపించారట. "అక్కా, నేను సచ్చిపోయినానా?"

అంతే. పెట్టేశాడు. మళ్ళీ మళ్ళీ చేశాను. ఎత్తడు. ఒడిబియ్యం పోయనివాడికి రోషం ఒకటి, అనుకున్నాను. ఆ కోపం అన్నం ఉడికేంతసేపు కూడా నిలవలేదు. మల్లిగాడి గొంతు అలా నేనెప్పుడూ వినలేదు.

ఫిబ్రవరి 10

లైవ్ పెట్టలేదు. తలనొప్పి అన్నాను. ఈయన మొహం మాడ్చుకున్నాడు.

ఫిబ్రవరి 11

ఆదోని అన్న మా ఆయనకు ఫోన్ చేశాడు. భార్యను వెంటబెట్టుకుని వస్తాడట — నాకు ఒడిబియ్యం పోయడానికి. "ఆయమ్మ పుట్టిల్లు లేదని ఏడుస్తాంటే సూస్తా ఎట్ల కూసుండేదప్పా" అన్నాడట.

వద్దని చెప్పు అన్నాను. "ఎందుకు వద్దు మే? అది గూడా లైవ్ పెడదాం." ఛీ! నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్టి ఏం లాభం, మొదట అన్నది నేను.

వాళ్ళు రాగానే నిజం చెప్పేస్తాను. గడపలోనే.

ఫిబ్రవరి 15

చెప్పలేదు.

ఆదోని బస్సు దిగి ఎండలో నడుచుకుంటూ వచ్చారు. ఆయనకు కొత్త చొక్కా, చెవి వెనక మాత్రం పత్తి పోగు. గడపలో చెబుదామనుకుంటే ఆయన నా వంక చూస్తూ చెప్పులు విడవడమే మరిచిపోయాడు. ఆయన భార్య తనను వదినా అని పిలవమంది. "మీ అన్నకి తోడబుట్న ఆడబిడ్డ లేదమ్మా. నీ లైవు అయినంకనే అన్నం తింటాడు." నవ్వుతూనే చెప్పింది. ఆయన మగ్గం చుట్టూ తిరిగి, "దినామూ ఇనపడేది ఇదేనా సెల్లెమ్మా?" అని చేత్తో తడిమి చూశాడు. దాని మీద ఒక్క పోగు లేదు. ఇదేనన్నా అన్నాను.

పీట మీద కూర్చోబెట్టారు. ఆకుపచ్చ చీర, గాజులు. వదిన దోసిళ్ళతో బియ్యం పోస్తోంది. ఫోన్ పెట్టొద్దని ఎంత చెప్పినా ఈయన ఎదురుగా నిలబెట్టాడు. సగం ఒడి నిండేసరికి గులాబీ పడిన గంట మోగింది. పాడు అలవాటు... తల ఎత్తకముందే నోరు అనేసింది. "థాంక్స్ అన్నా, మీరే నా..."

అప్పుడు చూశాను పేరు. మల్లి, హొళగుంద. ఒకే ఒక్క గులాబీ.

నా నోరు అక్కడే ఆగింది. మరిచిపోయాననుకుంది కాబోలు, వదిన మెల్లగా అందించింది. "పుట్టిల్లు... అనమ్మా."

ఫిబ్రవరి 16

బియ్యం మూట మగ్గం పక్కనే ఉంది. ఒడిబియ్యం వండుకుని పుట్టింటివాళ్ళను పిలిచి పెట్టాలి. పద్ధతి. ఆదోని అన్న అప్పుడే అడిగాడు, "ఎప్పుడు వండుతాండావు సెల్లెమ్మా? పనికి సెలవు పెట్టల్ల." పిలిస్తే ఆయన్ను ఇంకా మోసం చేసినట్టు. పిలవకపోతే ఆ చేతుల బియ్యాన్ని అవమానించినట్టు. తమ్ముణ్ణి పిలవాలంటే ముందు ఆయనకు నిజం చెప్పాలి.

ఫిబ్రవరి 17

లైవ్ లేదు. ఫోన్ నా దగ్గరే పెట్టుకున్నాను. ఈయన మాట్లాడటం లేదు. మంచిదే.

ఫిబ్రవరి 18

హొళగుందకు ఫోన్ చేశాను. ఎత్తాడు! వెనక శనగలు కొట్టే మిషన్ హోరు.

"ఎవురు మాట్లాడేది?"

మొన్న ఫోన్ చేసినవాడి దగ్గర నా నంబరు లేకపోవడమా! కావాలనే అడుగుతున్నాడు...

"నేనురా."

"నేనంటే ఎవురు?"

ఇన్నాళ్ళూ ఎవరెవరికో చెల్లెల్నని గలగలా చెప్పిన నోరు, అక్కనని చెప్పడానికి పెగలదు. వాడూ పెట్టేయలేదు. మిషన్ ఆపమని ఎవరికో కేక వేశాడు. హోరు ఆగింది. వింటున్నాడు...