వెనక స్పీకర్లు రెండు

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ అమ్మా నేనూ ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వూ వేళకింత తిని, వేళకి పడుకుని, బాగానే ఉన్నావని నమ్ముతున్నాను. నీ ఉత్తరం అంది మూడు వారాలు దాటింది. కళ్ళద్దాల షాపులో పని ఎక్కువై రాయలేదనుకునేవు, అదేం కాదు. ఈ నెల గిరాకీయే లేదు. ఎందుకు ఆలస్యమైందో ఈ ఉత్తరం చివరికంటా చదివితే నీకే తెలుస్తుంది.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు చెప్పనీ.

టీవీని కిందికి దింపించాం. ఇప్పుడు అమ్మ కుర్చీలో కూర్చుంటే తెర సరిగ్గా కళ్ళకి ఎదురుగా ఉంటోంది. "ఇన్నాళ్ళూ ఆకాశంలో విమానం చూసినట్టు చూశానే" అని మెడ రుద్దుకుంది. కిటికీకి నల్లగుడ్డ రెండు మడతలు వేసి కుట్టాను, మధ్యాహ్నం ఎండ తెర మీద పడటం లేదు. బొమ్మని మరీ నున్నగా చేసే ఆ సెట్టింగు తీసేశాను. నువ్వన్నది నిజమే. ఇదివరకు రేసు కార్లు సబ్బు మీద జారుతున్నట్టుండేవి, ఇప్పుడు రోడ్డుని పట్టుకుని పరుగెడుతున్నట్టున్నాయి. ఖాళీ గోడ మీద పాత బొంత వేలాడదీశాం. గదిలో మోత తగ్గింది, అందం కూడా తగ్గింది.

మూలన పెట్టిన పెద్ద స్పీకరు డబ్బాతోనే గొడవైంది. మొదటి రోజు రేసు మొదలవగానే అలమారలో పళ్ళాలు పోట్లాడుకున్నాయి. కింది వాటా ఫ్యూజు బాబాయి పరుగెత్తుకొచ్చాడు. ఆయన సంగతి తెలుసుగా, ఏది బాగుచేసినా వీధి వీధంతా చీకటి చేస్తాడు. "భూకంపమేమో అనుకుని మీ పిన్ని చెప్పుల్లేకుండా రోడ్డెక్కిందమ్మా" అన్నాడు. నువ్వు చెప్పినట్టు డబ్బాని గోడకి జానెడు ఇవతలికి జరిపి, కింద పాత పరుపు ముక్క వేశాను. అప్పట్నుంచి పిన్ని చెప్పులేసుకునే తిరుగుతోంది.

నీ పాత ట్యాబ్లెట్లో ఒక్కో చుట్టుకి పట్టే ల్యాపు టైములు పెట్టి ఇస్తే, అమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని జాతకం చూసినట్టు చూస్తోంది. "వీడు ఇప్పుడు టైర్లు మార్చుకోకపోతే మునిగినట్టే" అంటుంది. మునుగుతాడు కూడా.

నాన్న పోయాక అమ్మ రేసులు చూడటం మానలేదు, వినడం మానేసింది. పదకొండేళ్ళు శబ్దం తీసేసి చూసింది. నువ్వు ఆ స్పీకర్ల ఫ్యాక్టరీలో చేరి, నీ చేత్తో బిగించినవి ఐదు పంపేసరికి, కాదనలేక శబ్దం పెట్టనిచ్చింది. మొదటి ఆదివారం ఏడ్చింది. రెండో ఆదివారం ఏడవలేదు. మూడో ఆదివారం ఇంకాస్త పెంచమంది. ఇంతవరకూ నీకు రాసినవే.

ఇక రాయనివి.

వెనక స్పీకర్లు రెండూ ఎందుకు తగిలించలేదని ప్రతి ఉత్తరంలోనూ అడుగుతున్నావు. వైరు చాలలేదన్నాను. నువ్వు ఇంకో చుట్ట పంపావు. గోడలోకి మేకు దిగడం లేదన్నాను. స్టాండ్లు పంపావు. దుమ్ము పడుతోందని, షాపులో సెలవు దొరకలేదని, ఫ్యూజు బాబాయికి జ్వరమని, నోటికొచ్చిందల్లా రాశాను. వైరు మొదట్నుంచీ సరిపోయింది రా. ఆ పార్సిల్ డబ్బాలో స్పీకర్లతో పాటు నువ్వు పెట్టిన చిన్న పెన్‌డ్రైవ్‌కి భయపడ్డాను.

టీవీ వాళ్ళ పాత గిడ్డంగిలో ఒక పెద్దాయన్ని పట్టుకుని, నాన్న చివరి రేసు రికార్డింగు తీసుకున్నానని రాశావు. ప్రసారంలో మనం చూసింది కాదనీ, ట్రాక్ పక్కన పెట్టిన ఒక్కో మైకూ విడివిడిగా రికార్డయిన అసలుదనీ, నాన్న జెండాతో నిలబడే మూడో మలుపు దగ్గర మైకు వెనక స్పీకర్లలో పలికేలా కలిపించాననీ రాశావు. "నాన్న దగ్గు వినపడగానే ఆపేశాను, మొదట అమ్మ వినాలి" అన్నావు. నువ్వెంత ప్రేమగా పంపావో నాకు తెలుసు. ఆ వాక్యం చదవగానే పెన్‌డ్రైవ్‌ని అలమారలో దాచేశాను.

నెల క్రితం ఒక ఆదివారం కూరగాయలకి వెళ్ళి వచ్చేసరికి గదిలో ఫ్యూజు బాబాయి స్టూలు దిగుతున్నాడు. వెనక రెండూ స్టాండ్ల మీద ఉన్నాయి, అమ్మ చెవుల ఎత్తున. నేల మీద నువ్వు గీసి పంపిన బొమ్మలో ఉన్నట్టే సుద్దతో గుర్తులు పెట్టించి, సరిగ్గా మధ్యలో కుర్చీ వేయించుకుంది. "మీ అక్క చేసేదాకా ఆగితే నా చెవులు పోతాయి" అని ఆయనతో అంటోంది. ఆయన వెళ్ళగానే నా వైపు తిరిగి, "వాడు పంపింది పెట్టు" అంది.

"ఇవాళే ఎందుకమ్మా?"

"ఎన్నాళ్ళు దాస్తావే? డబ్బా విప్పిన రోజే చూశాను. నీ అంతట నువ్వే పెడతావని ఆగాను."

పెట్టాను. కుర్చీ వెనకాల తలుపు దగ్గర నిలబడ్డాను.

ముందు జనం గోల. ఐస్ అమ్మేవాడి గంట. తర్వాత, మా ఇద్దరికీ వెనకాల, ఎడమవైపు నుంచి నాన్న దగ్గాడు. అమ్మ గిరుక్కున తిరిగింది. నేనూ తిరిగాను. వెనక గోడే ఉంది, దాని మీద బొంత. "నీళ్ళ సీసా ఇటివ్వమ్మా" అన్నాడు ఆ గోడ దగ్గర నుంచి. ఆ "అమ్మా" నన్ను. తాగి, మూత బిగించి, "నన్ను కాదు, రోడ్డు చూడు" అని నవ్వాడు. అమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

నీకప్పుడు పద్నాలుగేళ్ళు. ట్రాక్ దగ్గర మా పని ఎలా ఉండేదో నీకు సరిగా తెలియకపోవచ్చు. నాన్న ఆరు రోజులూ బస్సు డిపోలో మెకానిక్కు, ఏడో రోజు మలుపు దగ్గర జెండా మనిషి. ఆయనకి అదే విశ్రాంతి. మలుపుకి ఇద్దరుండాలి. ఒకరు జెండా పట్టుకుని, ప్రమాదం జరిగితే అటు పరుగెత్తే మనిషి. రెండోవాళ్ళు ఆయనకి వీపు పెట్టి నిలబడి, వచ్చే కార్ల వైపే చూడాలి. ఆయన రోడ్డు మీద ఉండగా కారేదైనా వస్తుంటే విజిల్ ఊదాలి. విజిల్ వినపడితే ఎంతటి పనిలో ఉన్నా వదిలేసి గోడ దూకెయ్యాలి. ఆ ఏడాది ఆయన రెండో మనిషిని నేను. ఇరవయ్యేళ్ళ దాన్ని. విజిల్ నా పళ్ళ మధ్యే ఉంది.

రికార్డింగులో టైర్లు కీచుమన్నాయి. కారు గోడకి తగిలిన చప్పుడు. "వాడు బయటికి రావట్లేదు, పొగొస్తోంది" అన్నాడు నాన్న. తర్వాత, "నే వెళ్తున్నా, చూస్కో!"

కంకర మీద ఆయన అడుగులు. బూట్లు అరిగినవి, కుడి కాలు కాస్త ఈడ్చేవాడు, అది కూడా వినపడింది. ఐస్ గంట మళ్ళీ మోగింది. ఎవరో పిల్ల ఏడ్చింది. నాలుగు సెకన్లు. అప్పుడు ఇంకో ఇంజను మా మీదికి వచ్చింది. ఆ మోతలోంచి నా గొంతే, ఇరవయ్యేళ్ళ నా గొంతు, నా చెవి పక్కన "నాన్నా!" అని అరిచింది.

అమ్మ ఆపేసింది. తర్వాత వెనక్కి జరిపి మళ్ళీ పెట్టింది. మళ్ళీ పెట్టింది. మూడోసారి అయ్యాక అడిగింది.

"విజిల్ ఏదే?"

"మోతలో కలిసిపోయి ఉంటుందమ్మా" అన్నాను. అప్పుడు కూడా అబద్ధమే.

"ఐస్ వాడి గంట వినపడుతోంది. ఆయన బూటు ఈడ్చడం వినపడుతోంది. నీ విజిల్ వినపడదా?"

నేను ఊదలేదు రా, తమ్ముడూ.

వెనక్కి తిరిగి చూశాను. చూడకూడదని ఆయన వెయ్యిసార్లు చెప్పాడు. అయినా పరుగెత్తుతున్నది మా నాన్న. పొగలోకి దూకుతుంటే ఎంత ధీమాగా ఉన్నాడో! ఆ వీపునే చూస్తూ ఉండిపోయాను. రోడ్డు నా వెనక ఉంది. మళ్ళీ ఇటు తిరిగేసరికి ఊదేందుకు టైము లేదు, "నాన్నా" అని అరిచేందుకే ఉంది.

ఆ సాయంత్రం రేసులు నడిపే క్లబ్బు వాళ్ళ ఆఫీసులో ఒకాయన కాగితం ముందు పెట్టుకుని, "విజిల్ ఊదావు కదమ్మా?" అని మెత్తగా అడిగాడు. నేను తల ఊపాను. ఆయన దాన్నే రాసుకున్నాడు. అలా రిపోర్టులో "హెచ్చరిక విని కూడా ఆగలేదు" అని పడింది. నాన్నని మొండివాడన్నారు. డిపోలో వాళ్ళు కూడా అన్నారు. మొన్న నువ్వూ రాశావు, "విజిల్ విన్నా ఆగని మనిషికి ఇంట్లో మనం ముగ్గురం గుర్తొచ్చి ఉంటామా?" అని. నీ కోపం పదకొండేళ్ళ నుంచి తప్పు మనిషి మీద ఉంది. ఒక్కసారి తల ఊపినందుకు ఇంత దూరం వచ్చింది. కుక్కర్ ఎందుకిచ్చేశావని అడిగావు చూడు, అది పాడవలేదు. అది కూసినప్పుడల్లా నేను వంటింట్లోంచి పారిపోవాల్సి వచ్చేది.

ఇదంతా అమ్మకి నిలబడే చెప్పాను. కూర్చునే ధైర్యం లేకపోయింది. కొడుతుందనుకున్నాను. అమ్మ తన ఒళ్ళో చేతులు చూసుకుంటూ, నాకెప్పుడూ తెలియని సంగతొకటి చెప్పింది.

"ఆ రోజు పొద్దున మాకు గొడవైంది. సెలవు రోజైనా ఇంట్లో ఉండవు, ఆ ట్రాక్ మీదే పోరాదూ అన్నాను. నవ్వి వెళ్ళిపోయాడు. విజిల్ విని కూడా ఆగలేదని వాళ్ళు చెప్పినప్పుడు, నా మాట మనసులో పెట్టుకునే ఆగలేదనుకున్నాను. ఇన్నేళ్ళూ అదే అనుకున్నానే."

తర్వాత, "ఆయనకి వినపడితే ఆగేవాడు" అంది. రెండుసార్లు అంది. రెండోసారి ఏడుస్తూ అంది. నేను దగ్గరికి వెళ్తే చెయ్యి అడ్డం పెట్టింది.

ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది, మూత పెట్టి వెళ్ళిపోయేది. పగలంతా ఆ గదిలో శబ్దం బాగా పెంచుకుని నాన్న దగ్గునీ, "నీళ్ళ సీసా ఇటివ్వమ్మా" అన్నదాన్నీ వింటూ ఉండేది. టైర్లు కీచుమనే ముందే ఆపేసేది. నేను షాపు నుంచి వచ్చి మెట్లెక్కుతుంటే మా ఇంట్లోంచి నాన్న నవ్వు వినపడేది. తాళంచెవి చేతిలో పట్టుకుని బయటే నిలబడిపోయేదాన్ని. ఒకరోజు ఫ్యూజు బాబాయి కింద నుంచి తలెత్తి, "లోపల నాన్నగారున్నారా?" అనేశాడు. అని, నాలుక కరుచుకున్నాడు. ఉన్నాడనే చెప్పాలనిపించింది.

పదో రోజు సెలవు పెట్టి క్లబ్బు ఆఫీసుకి వెళ్ళాను. అప్పటి ఆయన లేడు. కొత్త సెక్రెటరీ నా మాట విని, "పదకొండేళ్ళయింది, ఇప్పుడెవరికమ్మా కావాలి ఇది?" అన్నాడు. మా అమ్మకి కావాలన్నాను. మా తమ్ముడికి కావాలన్నాను. కాగితమిస్తే నా చేత్తోనే రాసి సంతకం పెట్టాను. రికార్డింగు కూడా ఒక కాపీ ఇచ్చాను. ఆయన అది విని, అద్దాలు తీసి తుడుచుకుని, వారంలో కబురు చేస్తానన్నాడు.

మొన్న మంగళవారం కవరొచ్చింది. రెండే వాక్యాలు. మూడో మలుపు దగ్గర హెచ్చరిక ఇవ్వబడలేదని ఇప్పుడు తెలిసిందనీ, మృతుడు నియమం తప్పలేదని రికార్డు సరిచేశామనీ. అమ్మ దాన్ని పైకి చదివింది. చీర మార్చుకుంది, చెప్పులేసుకుంది. ఒక్కో వాటా తలుపూ కొట్టి అందరికీ చదివి వినిపించి వచ్చింది. "మా ఆయన మాట వినని మనిషి కాదు, చూశారా" అంటూ. మరి ఆ హెచ్చరిక ఇవ్వనిదెవరో వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు కదా. ఆ సంగతి అమ్మకీ తెలుసు. తెలిసే వెళ్ళింది. నేను ఆపలేదు. మర్నాడు మెట్ల మీద పిన్ని నన్ను చూసి పక్కకి తప్పుకుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మ మొదటిసారి నా కళ్ళలోకి చూసి మాట్లాడింది. "తమ్ముడికి నేను చెప్పను. ఫోనులో చెప్తే నువ్వు సగం మింగేస్తావు. ఉత్తరం రాయి" అంది. ఆ సగం మింగకుండా రాయడానికే ఇన్ని రోజులు పట్టింది.

ఇప్పుడు నాతో అవసరానికి మాట్లాడుతోంది. మందులయిపోయాయనీ, గ్యాసు బుక్ చెయ్యమనీ. అంతకంటే ఎక్కువ అడిగే హక్కు నాకు లేదు. ఆదివారం రేసు మాత్రం వదలదు. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను, లోపలికి రమ్మని పిలవలేదు, పొమ్మనీ అనలేదు. కారు ఎక్కడైనా తిరగబడితే టీవీ వాడు కారునే చూపిస్తాడు. మా ఇద్దరి కళ్ళూ మాత్రం గోడ పక్కన నిలబడ్డ ఆ ఇద్దరు మనుషుల్ని వెతుకుతాయి. ఒకరి వీపు ఒకరికి ఉందా లేదా అని. ఉంటే అమ్మ ఊపిరి వదులుతుంది. నాకది వినపడుతుంది. నీ స్పీకర్లు అంత బాగున్నాయనుకునేవు, ఆ ఊపిరి వాటిలోంచి కాదు.

నా మీద నీకేమనిపిస్తే అది రాయి. తిట్టు. ఇంకెప్పుడూ రాయనంటే ఆ ముక్క కూడా రాసే మానెయ్యి, ఎదురుచూడకుండా ఉంటాను. నాన్న మీద రాసిన ఆ వాక్యాన్ని మాత్రం వెనక్కి తీసుకో. అది అమ్మకి విడిగా, ఒక కాగితం మీద రాసి పంపు. కింది వాటాల వాళ్ళకి అది కూడా చదివి వినిపించుకుంటుంది.

నాకు రాసేది వేరే కవరులో పెట్టు. దాన్ని నేనే విప్పుతాను.

ఇట్లు,
ఆ రోజు వెనక్కి తిరిగి చూసిన,
మీ అక్క