మింగని మాత్రలు

కావలి,
ఆగస్టు 6

ప్రియమైన భవానీకి,

ఫోన్ చేస్తే మీ అత్త నాగులమ్మ స్పీకర్ పెట్టించి పక్కనే కూర్చుంటుంది. అందుకే ఎండుచేపల కోసం మైపాడు వచ్చే ముత్యాలయ్య మామ చేతికి ఈ కాగితం ఇస్తున్నాను. తిట్లు నీ ఒక్కదానికే చేరాలి.

మీ ఊరి నర్సు కరుణాకుమారి, నేనూ కలిసి ట్రైనింగ్ చేసినవాళ్లం. ఆరో నెలలో నీ రక్తం ఏడున్నరే ఉందని చెప్పి ఆమె మొత్తుకుంది. పదకొండు ఉండాలి తల్లీ! రెండు నెలలుగా ఐరన్ మాత్రలు ఇస్తూనే ఉందట. "యేసుకుంటానే ఉండానక్కా" అని నాకు చెప్పింది నువ్వే గదా. వేసుకుంటే ఈ అంకె ఎందుకొస్తుంది?

టీతో మింగుతున్నావా? టీ తాగితే ఆ ఇనుము ఒంటికి పట్టదు. కాల్షియం మాత్రతో కలిపి వేసుకోకు. వికారంగా ఉంటే రాత్రి అన్నం తిన్నాక వేసుకుని పడుకో. పైన ఇంత నిమ్మకాయ నీళ్లు తాగు. రోజూ ఎంతోమంది కడుపుతో ఉన్నవాళ్లకు ఈ పాఠం చెబుతాను. అందరూ వింటారు, నా సొంత చెల్లెలు తప్ప.

కోపంతో,
నీ అక్క కామాక్షి

* * *

మైపాడు,
ఆగస్టు 14

ప్రియమైన అక్కకు,

నువ్వు ఎదురుగా ఉంటే చెవులు మూసుకునేదాన్ని. కాగితం కాబట్టి మడిచి పెట్టాను.

మాత్రలు వేసుకుంటున్నానక్కా. ఎన్నిసార్లు చెప్పాలి? ఈ ఇంట్లో అందరూ డాక్టర్లే. మీ మరిది వేట నుంచి రాగానే చేప తినమంటాడు. ఆ వాసనకే నాకు కడుపులో తిప్పుతుంది. పక్కింటామె వచ్చి ఆ మాత్రలకు బిడ్డ నల్లగా పుడుతుందని అత్తకు చెప్పిపోయింది. అప్పటినుంచి అత్త గొణుగుడు.

నాకు తినాలనిపించేది పచ్చి బియ్యం ఒక్కటే. రోజుకు రెండు మూడు గుప్పిళ్లు నములుతాను. "ఏందిమే, నువ్వు మడిసివా కోడివా?" అంటుంది అత్త. ఇసుకలో నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోంది. కడుపుతో ఉన్నప్పుడు ఎవరికైనా అంతేలే. బిడ్డ మాత్రం బాగా తన్నుతోంది. నువ్వు ఊరికే కంగారుపడకు.

నీ చెల్లెలు,
భవాని

* * *

కావలి,
ఆగస్టు 20

ప్రియమైన భవానీకి,

నీ ఉత్తరం చదివి చేతిలో ఉన్న గిన్నె నేలకేసి కొట్టాను. పచ్చి బియ్యం మీద మనసు పోవడం, నడిస్తే ఆయాసం, ఇవన్నీ రక్తం లేని లక్షణాలే. ఊరికే కంగారుపడొద్దట!

ఇంకొక్క మాట. ఈ మాత్రలు మింగితే మలం నల్లగా వస్తుంది. దాంతో ప్రమాదమేమీ లేదు గానీ, మొదటిసారి చూసిన ప్రతి ఆడదీ హడలిపోయి నా దగ్గరికి పరుగెత్తుకొస్తుంది. తలనొప్పి వచ్చినా నాకు ఫోన్ చేసే నువ్వు, ఆ సంగతి ఒక్కసారీ అడగలేదు. అంటే ఒక్క మాత్రా మింగలేదన్నమాట.

మీ అత్త దాచేస్తోందా? నువ్వూ నలుపే, నేనూ నలుపే, నీ మొగుడు మధుబాబూ నలుపే. బిడ్డ రంగుకు మాత్రనెందుకు ఆడిపోసుకోవడం? వచ్చే నెల మొదటి ఆదివారం దిగుతాను. నాగులమ్మతోనే తేల్చుకుంటాను.

విసిగిపోయిన
నీ అక్క

* * *

మైపాడు,
ఆగస్టు 27

ప్రియమైన అక్కకు,

నువ్వు రావద్దు. అత్తను ఒక్క మాట కూడా అనొద్దు. ఎంత గొణిగినా, రోజూ మాత్ర, నీళ్లు తెచ్చి నా చేతిలో పెట్టేది ఆమే. "నలుపో తెలుపో, పేణాలతో ఉంటే అంతే చాలు. మింగుమే" అంటుంది. ఆమె అటు తిరగ్గానే నేనే నోట్లోంచి తీసి, పెరట్లో ఇసుకలో పూడ్చేస్తున్నాను.

ఎందుకో నీకు తెలియదా? నన్ను కని అమ్మ పోయింది. నాకు ఊహ తెలిసినప్పటినుంచి నాయనమ్మ ఒకటే మాట: "మీయమ్మ బలం మాత్రలు మింగింది. నువ్వు కడుపులో గుమ్మడికాయ మాదిరి పెరిగినావు. దాన్ని తీసకపోయినావు." నా బిడ్డ కూడా అలాగే పెరిగితే? దాన్ని కూడా జీవితమంతా అందరూ ఇదే మాట అంటే?

ఇది నీకు చెప్పాలంటే, అమ్మను చంపింది నేనేనని మళ్లీ ఒప్పుకోవాలి. అందుకే చెప్పలేదు. ఇక తిట్టుకో.

భవాని

* * *

కావలి,
ఆగస్టు 30

ప్రియమైన నా చెల్లికి,

మూడు కాగితాలు చించి ఇది రాస్తున్నాను.

నువ్వు గుమ్మడికాయవా? పుట్టినప్పుడు రెండు కిలోలు కూడా లేవు. పాత చీరలో చుడితే, లోపల బిడ్డ ఉందో లేదో వెతుక్కోవాల్సి వచ్చింది.

అమ్మ ఒక్క మాత్ర కూడా మింగలేదు. నర్సమ్మ ఇచ్చిపోయేది. అమ్మకు అవి చూస్తేనే వాంతి. "కామాక్షీ, కాలవలో పారెయ్. ఎవురికీ చెప్పబాక" అని నా గుప్పిట్లో పోసేది. నాకు పదేళ్లు. అమ్మ నాకొక్కదానికే రహస్యం చెప్పిందని మురిసిపోతూ పారేసేదాన్ని. నువ్వు పుట్టాక రక్తం పోవడం ఆగలేదు. అమ్మ ఒంట్లో ఉన్నదే కాస్త.

నాయనమ్మ నిన్ను ఆ మాట అంటున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. నిజం చెబితే అందరూ నా మీద పడతారని నోరు విప్పలేదు. నర్సునయ్యాక కూడా విప్పలేదు.

ఇప్పుడు చెప్పేది చెయ్. ఏడో నెల వచ్చింది, ఇక మాత్రలతో రక్తం పెరిగేదాకా ఆగలేం. డాక్టరు రాస్తే ఐరన్‌ను సెలైన్‌లో కలిపి నరంలోకి ఎక్కిస్తారు. నాలుగైదుసార్లు నెల్లూరు ఆసుపత్రికి పోవాలి. కరుణాకుమారి అంతా మాట్లాడి పెట్టింది. పో. నన్ను తర్వాత తిడుదువుగాని.

నీ అక్క,
కామాక్షి

* * *

మైపాడు,
నవంబరు 28

ప్రియమైన అక్కకు,

మూడు నెలలుగా నీకు ఉత్తరం లేదు. ఫోన్లో ఊఁ, ఆఁ తప్ప మాట లేదు. పాప పుట్టిందని కూడా మీ మరిది చేతే చెప్పించాను. కోపం అక్కా. ఇరవై రెండేళ్లు నన్ను అలా నమ్మనిచ్చావు!

అయినా నీ ఉత్తరం అందిన మర్నాడే నెల్లూరు బస్సెక్కాను. అత్త తోడొచ్చింది. ఐదుసార్లు పోయాం. సెలైన్ కషాయం రంగులో దిగుతుంటే, "ఇంత నల్లంగ ఉండాది. ఇంక మన బిడ్డ తెల్లంగ పుట్టినట్టే!" అని ఆసుపత్రిలో అందరినీ నవ్వించింది. పోయిన నెల పరీక్షలో రక్తం పది పాయింట్ ఎనిమిది వచ్చింది. పచ్చి బియ్యం మీద మనసు పోవడం ఎప్పుడో ఆగింది.

పోయిన వారం నెల్లూరు ఆసుపత్రిలో కాన్పు మామూలుగానే అయింది. పాప రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు. తర్వాత నాకు రక్తం ఎక్కువే పోయింది. ఇంజెక్షన్లు ఇచ్చి, చాలాసేపు కష్టపడి ఆపారు. "ఆగస్టులో ఉన్న రక్తంతో వచ్చుంటే..." అని డాక్టరమ్మ మాట మింగేసింది. మిగతాది నాకు అర్థమైంది. అక్కడ పడుకుని అమ్మను తలుచుకున్నాను. ఆ తర్వాత, గుప్పిట నిండా మాత్రలతో కాలవకు పరుగెత్తే పదేళ్ల పిల్లను తలుచుకున్నాను.

ఆ పిల్లను నేను క్షమించాల్సిన పనేమీ లేదు. అమ్మ మాట విన్నది, అంతే. కానీ తెల్ల చీర కట్టుకుని ఊరందరికీ పాఠాలు చెబుతూ, నాకు మాత్రం నోరు విప్పని నర్సమ్మ కోసం చాలా తిట్లు దాచిపెట్టాను. ఆదివారం రా. పాపను నీ ఒళ్లో పెడతాను. లేచి పారిపోలేవు. అప్పుడు మొదలుపెడతాను.

నీ చెల్లెలు,
భవాని