వాగు అవతలి అడవి

ప్రియమైన మేనకోడలికి,

నాకు చూపు మందగించిందనీ, మతిమరుపు వచ్చిందనీ, అందుకే అడవుల కొత్త పటం విడుదల సభకు రానన్నాననీ మీ ఆఫీసులో చెప్పుకుంటున్నారట. రెండూ అబద్ధం. ఈ ఉదయం సూదిలో దారం నేనే ఎక్కించుకున్నాను. ముప్పయ్యేళ్ల క్రితం ఉపగ్రహ చిత్రాలు చూసి నేను గీసిన మొదటి పటాన్ని ఇప్పటికీ కళ్లు మూసుకుని అప్పజెప్పగలను. రాకపోవడానికి కారణం వేరు. అది నా సొంత విషయం. కారు పంపకు.

నీ మేనత్త

*

ప్రియమైన అత్తా,

సూది సంగతి మా డైరెక్టరుకి చెప్పాను. "అయితే ఆవిడనే మళ్లీ ఉద్యోగంలోకి రమ్మనండి" అన్నాడు.

నవ్వులకేం గానీ, ఇక్కడ పెద్ద చిక్కొచ్చిపడింది. నీ పటంలో వాగు అవతల దట్టమైన సహజమైన అడవి ఉంది. ఈ ఏడాది చిత్రంలో అక్కడ బోడి నేల. చెట్లు కొట్టేస్తుంటే చూసీచూడనట్టు ఊరుకున్నాడని అక్కడి కాపలాదారుణ్ణి ఉద్యోగంలోంచి తీసేస్తున్నారు. "అక్కడ అడవెప్పుడుందమ్మా? కలప కోసం వరసల్లో నాటిన తోట అది. మా నాన్నే నీళ్లు పోశాడు. కోతకొచ్చింది, కోశారు" అని ఒకటే మొత్తుకుంటున్నాడు. కానీ స్వయంగా వెళ్లి చూశానని నువ్వు సంతకం పెట్టిన తనిఖీ కాగితం ఉందాయె! దాని ముందు అతని మాటెవరు వింటారు?

ఎందుకో నాకే మనసొప్పడం లేదు. అప్పుడేదైనా పొరపాటు జరిగుంటే, "వయసైంది, గుర్తులేదు" అని ఒక్క ముక్క రాసెయ్యి. పుకారు ఎలాగూ ఉంది. అతనికి బదిలీతో సరిపెట్టిస్తాను. నీ పేరుకీ మచ్చ రాదు.

నీ మేనకోడలు

*

ప్రియమైన మేనకోడలికి,

నాకు అంతా గుర్తుంది. నా సిగ్గు అదే.

ఆ ఉపగ్రహ చిత్రాల్లో పచ్చదనం ఎర్రగా పడుతుంది; దట్టమైన ఆకు ఏదైనా ఒకే ఎరుపులో కనబడుతుంది. అది అడవో, నాటిన తోటో నేల మీదికి వెళ్లి చూస్తేనే తేలుతుంది. అలా చూడటానికి వెళ్లినవారిలో స్త్రీని నేనొక్కదాన్నే. వాగు దగ్గర తోటివాళ్లు "మీరుండండమ్మా, మేం చూసొస్తాం" అన్నారు. నాకు ఒళ్లు మండింది. "నా కాళ్లు నాకున్నాయి. మీ పని మీరు చూసుకోండి" అని వాళ్లు చూడాల్సిన చోట్లకు పంపేశాను. తీరా దిగితే నీళ్లు నడుముదాకా వచ్చాయి. భయపడి వెనుదిరిగాను. దాటలేకపోయానని వాళ్లతో చెప్పడానికి నోరు రాలేదు. ఒడ్డున బండ మీద కూర్చుని, ఆ ఎరుపును నమ్మి కాగితం నింపాను. చూడని చెట్లకు ఐదు రకాల పేర్లు రాశాను. తొక్కని నేల రంగు కూడా రాశాను. సాయంత్రం వాళ్లు "శభాష్" అంటే కాదనలేదు.

కొత్త పటం పక్కన నా పాత పటం పెడతారని ఆహ్వానంలో చూసి సభకు రానన్నాను. కాని నా అబద్ధం ఒక మనిషి మెడకు చుట్టుకుందని నీ ఉత్తరం వచ్చేదాకా నాకు తెలియదు. వయసు చాటున దాక్కోమన్నావు. నీ ప్రేమ అర్థమైంది. అతనికి కావలసినది బదిలీ కాదు, తప్పు చేయలేదన్న మాట.

నిన్న బస్సెక్కి మీ కార్యాలయానికి వెళ్లాను. ఆపుతావని తెలిసి, నువ్వు సెలవులో ఉన్న రోజు చూసుకునే వెళ్లాను. జరిగింది జరిగినట్టు రాసి డైరెక్టరుగారి ఎదుట సంతకం చేశాను. పటం మీద నా పేరు తీసేయమని కూడా అందులోనే రాశాను. కాపలాదారు బయట బెంచీ మీద ఉన్నాడు. ఒక ప్రతి అతని చేతికిచ్చి క్షమించమన్నాను. అతను రెండుసార్లు చదువుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. నన్ను కూర్చోమనలేదు.

నీ మేనత్త