బాలింతకు పెట్టిన సొరపిట్టు

2004, కార్తీక సోమవారం.

నేను నాంచారమ్మను, డెబ్భై ఏళ్లు. వన్ టౌన్‌లో మనవరాలు మణితో, దాని చంటిబిడ్డతో ఉంటున్నాను. పక్కింటి సుజాత చేత ఇది రాయిస్తున్నాను.

మణికి లూపస్ జబ్బు. దానికిచ్చినవి ఒంటి శక్తిని అణచే మాత్రలట. బాలింతకు బలం కావాలి కదా అని, డాక్టరమ్మ ఆ మాత్రలు మానెయ్యమందని మణికి అబద్ధం చెప్పి, నెల రోజులు సొరచేప పిట్టు పెట్టాను. మొహం నిండితే ఒళ్లు చేసిందని మురిశాను.

ఇవాళ డాక్టరమ్మ, "అది వాపు మామ్మగారూ. ఒంటికి కాపలా కాసే కణాలే సొంత ఒంటి మీద పడ్డాయి. రక్తంలో కాంప్లిమెంట్ అనే ప్రోటీన్లు వాటిని ఉసిగొల్పుతున్నాయి. కిడ్నీల సంగతి చెప్పలేను. మాత్రలెందుకు మానిందండీ?" అంది.

"దాన్నేం అనకండి. మాన్పించింది నేను," అన్నాను. మణి నా వైపు చూడలేదు.

ఇంటికొచ్చి మాత్ర మింగించి, దాని పాదాన్ని బొటనవేలితో నొక్కి చూశాను. పడ్డ గుంట ఎంతకీ పూడలేదు. ఆ వేలితోనే ఇక్కడ ముద్ర వేస్తున్నాను.

నాంచారమ్మ వేలిముద్ర.
చూసినవాళ్లు: సుజాత, మణి.