ఆగని కారు

ఆదివారం, పర్చూరు

ఈ రోజు అమ్మను ఒక పాత నాయకుడి జీవితం మీద తీసిన సినిమాకు తీసుకెళ్లాను. అమ్మ చిన్నప్పుడు మిర్చి కూలీలంతా కూలి పెంచమని రోడ్డు మీద కూర్చుంటే, ఆయన కారు ఆగకుండా వెళ్లిపోయిందట. వెనకే పోలీసులు వచ్చి కొట్టారు. తాతయ్య కాలు విరిగింది. ఇదంతా అమ్మ చెప్పిందే.

సినిమాలో కారు ఆగింది. ఆయన దిగి, ఎర్రటి మిర్చి కళ్లాల మధ్య మెల్లగా నడిచొచ్చి ఒక పిల్ల తల నిమిరాడు. పోలీసులే లేరు. హాలంతా ఈలలు. అమ్మ కళ్లు తుడుచుకుంది.

ఇంటికొస్తుంటే ఆటోలో అమ్మ నెమ్మదిగా అంది: "ఆ పిల్ల నేనేనే. ఆయన చెయ్యి ఎంత చల్లగా ఉందో!"

"కారు ఆగలేదన్నావుగా అమ్మా?"

"ఆగింది. నువ్వూ చూశావుగా ఇప్పుడు."

"మరి తాతయ్య కాలెలా విరిగింది?"

అమ్మ వెన్నెల్లో తెల్లగా పరుచుకున్న పత్తి చేల వైపు తల తిప్పుకుంది.

"ఏమోనే," అంది.

ఇప్పుడు నిద్రలో నవ్వుతోంది. ఆ నవ్వు చెరపడానికి నాకు మనసు రావడం లేదు. బడిలో చరిత్ర చెప్పే నాకే, కళ్లు మూసుకుంటే ఆ కారు ఆగుతోంది. అందుకే రాసిపెడుతున్నాను: కారు ఆగలేదు. తాతయ్య చచ్చేదాకా కుంటుతూనే నడిచాడు.