అన్న పెట్టని సంతకం

శుక్రవారం, రాత్రి

దివాలా తీశాక ఈ ఆరేళ్లూ చిన్న చిన్న అప్పులు తీసుకుని, ఒక్క వాయిదా తప్పకుండా కట్టాను. కుట్టుమిషన్లకు లోను ఇస్తానని ఈరోజు బ్యాంకు మేనేజరు ఒప్పుకున్నాడు. జామీను ఒకరు కావాలన్నాడు. నేరుగా బుక్కరాయసముద్రంలో అన్న ఇంటికి వెళ్లాను.

"నీ పేరు మీద మచ్చ ఉండాదమ్మా. నేనెట్ల సంతకం పెట్టేది?" అన్నాడు, నా ముఖమైనా చూడకుండా.

ఆ మచ్చ ఎవరి వల్ల? ఆయన కట్టకుండా వదిలేసిన లారీ అప్పుకు నేను జామీను ఉన్నందుకే కదా నా టైలరింగు షాపు పోయింది! ఒళ్లు మండి లేచి వచ్చేశాను.

వీధి చివర వదిన పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది. అంగన్‌వాడీ టీచరు, తన జీతం తనకుంది. "నేను పెడతాలేమ్మా సంతకం. మీ అన్నకు మాత్రం చెప్పొద్దు" అంది.

లోను వస్తుంది, సంతోషించాలి. కోపమే దిగడం లేదు. సొంతంగా సంపాదించుకునే మనిషి, నాకు సాయం చేయడానికి తన ఇంట్లోనే దొంగలా బతకాలా?